మా పిల్ల గెలుపుకు నేను చెప్పిన అభ్యంతరం

ఆ రోజుల్లో నా మెడలో ఒక విజిలు, చేతిలో ఒక స్టాప్‌వాచీ, ఒంటి మీద మా నాన్న కుట్టిన తెల్ల ప్యాంటూ ఉండేవి. తలలో ఏముండేదో మాత్రం ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా ఇప్పుడు తెలియడం లేదు. ఇరవై మూడేళ్ల వయసు. వ్యాయామ విద్య కాలేజీ నుంచి సర్టిఫికెట్టు తెచ్చుకుని, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె హైస్కూల్లో డ్రిల్లు సారుగా కొత్తగా చేరాను. (పర్మనెంటు కాదు. ఆ సంగతి పిల్లలకు తెలియకుండా ఉండాలని పర్మనెంటు వాళ్లకంటే గట్టిగా అరిచేవాణ్ణి.) మా నాన్నకు సూళ్లూరుపేట బజారులో టైలరు షాపు. ఊరంతా ఆయన్ను సాయిబనే పిలుస్తారు. ఆయన కొలత తీసుకున్నాడంటే జానెడు గుడ్డ కూడా వృథా పోదని పేరు. అలాంటి మనిషి కడుపున పుట్టి, సరిగ్గా కొలత దగ్గరే నేను బోల్తా పడిన కథ ఇది. బోల్తా నాదే గాని, ఇందులో ఉన్న గొప్పతనమంతా ఒక ఆడపిల్లది.

ఆ పిల్లను బడిలో అందరూ మడవ అనేవాళ్లు. మడవంటే మా సరస్సులో దొరికే చేప. వల బిగించి ఇక చిక్కిందిలే అనుకునేలోపు గాల్లోకి ఎగిరి అవతల పడుతుంది. ఈ పిల్ల అప్పుడు పదో తరగతి. బక్కగా, నల్లగా, రెండు జడలతో, క్లాసులో ఎక్కడ కూర్చుందో వెతుక్కోవాల్సినంత నెమ్మదిగా ఉండేది. నేను చేరిన మొదటి వారంలో ఒక ఉదయం గట్టు మీద బైకేసుకుని బడికి వెళుతుంటే నన్నెవరో దాటుకుని పోయారు. గట్టు మీద గుంతలున్న మాట నిజమే, నా బండికి మూడో గేరు పడని మాటా నిజమే. అయినా చేతిలో సద్ది క్యారియరు పట్టుకున్న ఒక ఆడపిల్ల నన్ను దాటిపోవడం ఏమిటి? నేను చేరేసరికి ఆ పిల్ల పడవ తొయ్యబోతున్న వాళ్ల నాయనకు క్యారియరు అందించి, మోకాళ్ల లోతు నీళ్లలో నుంచి వెనక్కి వస్తోంది. నన్ను చూసి ఎంతో జాలిగా, "బండి రిపేరా సార్?" అని అడిగింది. ఆ క్షణంలోనే నేను ఈ పిల్లను పరుగుల పోటీలకు తయారు చేయాలని నిశ్చయించుకున్నాను. సగం క్రీడాభిమానం, సగం ఉక్రోషం.

వాళ్లది వేట మీద బతికే ఇల్లు. నాయన తాటిచెట్టంత మనిషి, మాట తక్కువ. అమ్మ మాత్రం లెక్క తేల్చేసే మనిషి. నేను వాళ్లింటికి వెళ్లి, వేసవిలో సూళ్లూరుపేటలో సెలక్షన్లు జరుగుతాయని, అందులో గెలిచి వంద మీటర్లు పదమూడున్నర సెకన్ల లోపు పరిగెత్తిన పిల్లలను ప్రభుత్వ క్రీడా హాస్టల్లో చేర్చుకుని చదువు, తిండి, శిక్షణ అన్నీ వాళ్లే చూస్తారని చెప్పాను. ఆమె చేప తోముతూ అంతా విని, "అంతదాకా నీ ఇష్టం సార్. సీటు రాకపోతే మాత్రం ఆ మర్నాడే వాళ్ల పెద్దమ్మతో రొయ్యల షెడ్డుకి పంపించేస్తా. కంపెనీ బస్సు మా ఇంటి ముందరే ఆగతాది," అంది. షెడ్డంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే పని. గడప దగ్గర నిలబడి వింటున్న మడవ తన చేతుల వంక ఒకసారి చూసుకుంది. అది చూశాక నాకు భయం పట్టుకుంది. అప్పటిదాకా నాకు అదొక సరదా.

బడి మైదానంలో సగం గుంతలు, సగం పల్లేరుకాయలు. కానీ ఫిబ్రవరి దాటితే మా వైపు సరస్సు ఎండిపోయి, పలకలాంటి నేల బయటపడుతుంది. అంతకన్నా మంచి ట్రాకు ఎవడిస్తాడు? కాకపోతే వంద మీటర్లు కొలవాలి. బడిలో టేపు లేదు. నాన్న మెడలో వేసుకునే గుడ్డ టేపు ఉంది గాని, అది అరవై అంగుళాలు. దాన్ని నేల మీద పరుస్తూ, పుల్లతో గీత గీస్తూ, వంగుతూ లేస్తూ ఇరవయ్యోసారికి లెక్క మరిచిపోయాను. మళ్లీ మొదటికి వచ్చాను. రెండోసారి ముప్పై దగ్గర మరిచిపోయాను. వల భుజాన వేసుకుని అటుగా పోతున్న మడవ వాళ్ల నాయన చాలాసేపు నిలబడి చూసి, "ఏంది సారూ, నేలకి చొక్కా కుట్టిస్తుండావా?" అని అడిగాడు.

"వంద మీటర్లు కొలవాలి అన్నా."

"మీటర్లు నాకు తెలవదు. బారల్లో చెప్పు, నిమిషంలో కొలిచిస్తా."

బారంటే రెండు చేతులూ బార్లా చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా. వేటకు పోయేవాళ్లు తాడూ వలా నీటి లోతూ అన్నీ బారల్లోనే చూస్తారు. నేను అక్కడే కూర్చుని, బార ఆరడుగులన్న లెక్కన, ఇసుకలో గుణించి భాగించి, యాభై అయిదు బారలని తేల్చాను. (ఈ లెక్క సరైనదే. నా జీవితంలో ఆ రోజు సరిగ్గా జరిగింది అదొక్కటే.) ఆయన ఇంటికెళ్లి నీలం రంగు నైలాను తాడు తెచ్చి, చేతులు చాపుతూ ముడుస్తూ, పెదాలు కదుపుతూ చకచకా కొలిచి, రెండు కొసలా ముడులు వేసి ఇచ్చాడు. "కచ్చితంగా ఉందా అన్నా?" అన్నాను. ఆయన కొంచెం నొచ్చుకుని, "నా తాడు ఎప్పుడన్నా చాలకుండా వచ్చిందా, ఊళ్లో ఎవురినన్నా అడుగు," అన్నాడు. ఆ మాటలోనే సగం సమాధానం ఉంది. వినే చెవి నాకు లేదు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున ఆ తాడు పరవడం, రెండు కొసలా ముగ్గు పోయడం, పరిగెత్తించడం. మొదటి రోజు పదిహేను సెకన్లు దాటింది. ఫరవాలేదనుకున్నాను. నెల గడిచేసరికి పద్నాలుగున్నరకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎంత అరిచినా పద్నాలుగున్నరే. నేను పుస్తకం తీశాను. రాగిజావ తాగమన్నాను, గుడ్లు తినమన్నాను. పట్టీలు తీయించాను, జడలు రెండు కాదు ఒకటే వేసుకోమన్నాను. గాలి ఎదురొస్తోందని ట్రాకును తూర్పు నుంచి పడమరకు తిప్పాను. (తాడు మాత్రం అదే.) నోటు పుస్తకంలో ఎంతో శాస్త్రీయంగా, "చివరి పది మీటర్లలో విద్యార్థిని బాగా నీరసించుచున్నది" అని రాసుకున్నాను. ఆ లోపం సరిదిద్దడానికి ఆ చివరి ముక్కనే విడిగా రోజుకు ఇరవైసార్లు పరిగెత్తించాను. అటు కనుచూపు మేరలో శ్రీహరికోట. అక్కడ మహానుభావులు సెకనులో వెయ్యో వంతు కూడా తేడా రానివ్వకుండా రాకెట్లు ఆకాశంలోకి పంపుతున్నారు. ఇవతలి ఒడ్డున నేను.

ఆ పిల్ల ఒక్క రోజు కూడా ఎదురు చెప్పలేదు. నేను వాచీ చూసి పెదవి విరిచినప్పుడల్లా నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుని, "ఇంకోసారి పరిగెత్తతా సార్," అనేది. ఒక రోజు కోపం పట్టలేక, "నీ కాళ్లలో వేగం లేదు, నేనేం చేసేది?" అన్నాను. ఆ మాట నేనన్నానని ఇప్పుడు రాస్తుంటే నా చెవులే వేడెక్కుతున్నాయి. ఆ పిల్ల తలొంచుకుని మళ్లీ గీత దగ్గరికి వెళ్లి నిలబడింది.

సెలక్షన్లకు నాలుగు రోజుల ముందు నేను మా నాన్న దగ్గర బయటపడ్డాను. తీసుకెళితే పరువు పోతుంది, వద్దనుకుంటున్నానని చెప్పాను. ఆయన మిషను ఆపకుండానే, "ఆ పిల్లకి షార్ట్సు కుట్టేసినాను గదరా, ఇంక తీసుకుపోకుండా ఏం చేస్తావు?" అన్నాడు. ఇంత బలమైన వాదన ముందు నేను ఓడిపోయాను. తీసుకెళ్లాను. వేటకు పోవడం మానుకుని వాళ్ల నాయన కూడా మాతో బస్సెక్కాడు.

సూళ్లూరుపేట మైదానంలో సున్నంతో గీసిన అసలైన ట్రాకు. ఎనిమిది మంది పిల్లలు. కొందరికి ముళ్ల బూట్లు, మా పిల్లకు వట్టి కాళ్లు. ముఖ్య అతిథికి దగ్గరగా కనపడాలని షామియానా సరిగ్గా గెలుపు గీతకు పది మీటర్లవతల వేసి, ముందు బల్ల మీద కప్పులన్నీ పేర్చారు. గన్ను పేలింది. నేను కళ్లు మూసుకున్నాను. జనం గోలకు తెరిచి చూసేసరికి మా మడవ గీత దాటేసింది, మిగతావాళ్లకంటే మూడంగలు ముందు. దాటింది సరే, ఆగదే! అదే ఊపు, అదే వేగం, తిన్నగా వెళ్లి బల్లకు కొట్టుకుంది. కప్పులు గలగలమంటూ ముఖ్య అతిథి ఒళ్లో పడ్డాయి. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే లేచి నిలబడి, పరిగెత్తుకొచ్చిన నాతో, "ఇంకా ఉండాదనుకున్నా సార్," అంది.

ఇంతలో వాచీలు పట్టుకున్న ముగ్గురూ టైము చెప్పారు. పదమూడు పాయింటు రెండు. మూడు వాచీల్లోనూ అదే. పక్కన మనిషి మాట్లాడకుండా ఉండుంటే కథ అక్కడితో సుఖాంతం. కానీ నేను నిజాయితీపరుణ్ణి గదా! గూడూరు నుంచి వచ్చిన ఒక పెద్ద డ్రిల్లు మాస్టారు ఆ పోటీలకు పెద్ద. బట్టతల మీద టోపీ, మెడలో నాకంటే పెద్ద విజిలు. ఆయన దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని, "ఏదో పొరపాటు జరిగింది సార్. ఆ పిల్ల అంత తొందరగా పరిగెత్తదు," అన్నాను.

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "ఏం అబ్బయా, నువ్వు ఏ బడి?" అన్నాడు. చెప్పాను. "మరి ఆ పిల్ల?" "మా పిల్లే సార్. అందుకే చెప్తున్నా." ఆయన టోపీ తీసి బుర్ర తుడుచుకున్నాడు. "నా సర్వీసంతా ఓడిపోయినోళ్లు అభ్యంతరం పెట్టడం చూసినా. గెలిచినోడు పెట్టడం ఇదే చూడటం," అన్నాడు. అయినా పద్ధతి గల మనిషి. ట్రాకు తక్కువేమోనని నేనంటే స్టీలు టేపు తెప్పించి అందరి ఎదుటా కొలిపించాడు. సరిగ్గా వంద. అప్పుడైనా నేను నోరు కట్టుకోవద్దా? "అయితే గన్నుకు ముందే లేచి ఉంటుంది సార్," అని నేనే అందించాను. అంతే, ఓడిన బళ్ల సార్లంతా చుట్టూ చేరిపోయారు. "అవునండీ, వాళ్ల సారే అంటుండాడు గదా, కొట్టేయండి ఆ పిల్ల పేరు!" సాయంత్రం నాలుగుకల్లా జాబితా నెల్లూరు వెళ్లిపోవాలి. మడవ పేరు పక్కన టైము రాసే గడి ఖాళీగా ఉంది.

పెద్ద మాస్టారు ఆ పిల్లను పిలిచి, "ఏమ్మా, ముందే లేచినావా?" అని అడిగాడు. "లేదు సార్." "మీ సారు లేచినావంటుండాడే." అప్పుడు ఆ పిల్ల నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఇంట్లోవాళ్లే తలుపు వేసేస్తే బయట నిలబడ్డవాళ్లు చూసే చూపు అది. రొయ్యల షెడ్డు బస్సు నాకప్పుడు కళ్ల ముందు కనపడింది, దాన్ని తోలుతున్నది నేనే. ఏదో సర్దిచెప్పబోయాను. ఆ పిల్ల నన్ను ఆపి, "మీరు కాసేపు మాట్లాడబాకండి సార్," అని, మాస్టారు వైపు తిరిగి, "ఇంకోసారి పరిగెత్తతా సార్. ఒక్కదాన్నే పరిగెత్తతా. అందర్నీ గీత కాడ కూర్చోని నా కాళ్లే చూడమనండి," అంది.

మా నాన్న కుట్టిన షార్ట్సు అంచుతోనే మోకాలి రక్తం తుడుచుకుని గీత దగ్గరికి వెళ్లింది. ఓడిన సార్లు నలుగురు నేలకు గడ్డాలు ఆనించి ఆ పిల్ల కాళ్ల వంకే చూస్తున్నారు. కప్పుల బల్ల పక్కకు జరిపారు. వాళ్ల నాయన జనంలో నిలబడి, తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతున్నాడు. గన్ను పేలాక పిల్ల లేచింది. పేలాకే లేచిందని ఆ నలుగురూ తలలూపారు. పక్కన పరిగెత్తేవాళ్లు లేరు, తరుముకొచ్చేవాళ్లు లేరు, వట్టి కాళ్లు, చెక్కుకుపోయిన మోకాలు. ఈసారి నేను కళ్లు మూసుకోలేదు. పరుగంటే ఏమిటో నాకు సర్టిఫికెట్టు ఇచ్చిన కాలేజీలో కాదు, అక్కడ తెలిసింది. పదమూడు పాయింటు మూడు. గీత దాటి, బల్ల ఉన్న చోటు దాటి, ప్రహరీ గోడ దాకా పోయి గోడకు చేతులానించి ఆగింది. పెద్ద మాస్టారు తన చేత్తోనే గడి నింపాడు.

తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచి టీ ఇప్పించి, "మీ ఊళ్లో ట్రాకు ఎట్టా కొలిచినావు అబ్బయా?" అన్నాడు. తాడుతో, యాభై అయిదు బారలని చెప్పాను. వెనకనుంచి మడవ వాళ్ల నాయన, "అరవై సారూ," అన్నాడు. "పదికొకటి ఎక్కువేసినా. తాడు నీళ్లల్లో పడితే ముడుచుకుపోద్ది గదా. తక్కువొస్తే మళ్లీ నువ్వు బాధపడతావని."

"నైలాను తాడు ముడుచుకోదు కదన్నా! అయినా మనం నేల మీద పరిచేది!"

"మా తాత కాడి నుంచి అట్నే ఏస్తుండాం," అన్నాడాయన, ఎంతో ప్రశాంతంగా. పాపం, ఆయన ఉదారంగా కలిపిన అయిదు బారలనూ కూతురు మూడు నెలలు రోజూ పరిగెత్తింది. నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుందని మా నాన్న ప్రతి చొక్కాకూ అంగుళం వదులుతాడు. అది చూస్తూ పెరిగినవాడికి ఆ అనుమానం రాలేదంటే ఏమనాలి? పెద్ద మాస్టారు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే మా నాన్న నవ్వలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది ఆ ట్రాకు మీదే పరిగెత్తి నాతో "చాల్లేదు" అనిపించుకున్న పిల్లలు ఇంకో ఆరుగురున్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి, తప్పు మీది కాదు, నాదేనని చెప్పి వచ్చాను. వాళ్లలో ఇద్దరు మళ్లీ పరుగుకు వచ్చారు. నలుగురు రాలేదు.

మడవ హాస్టలుకు వెళ్లింది. అక్కడ మొదటి నెలంతా చేప లేని కూర తినలేక ఏడ్చిందట గాని, పరుగు మానలేదు. జిల్లా అయింది, రాష్ట్రం అయింది. వందకంటే రెండొందల మీటర్లు నీకు నప్పుతుందని అక్కడి కోచ్ చెబితే అందులోకి మారింది. (చివరి ముక్కలో ఈ పిల్లకు దమ్ము ఎక్కడినుంచి వస్తుందోనని ఆయన ఆశ్చర్యపోయేవాడట. నేను మర్యాదగా ఊరుకున్నాను.) జాతీయ పోటీల ముందు తొడ కండరం పట్టేసి ఏడాది మంచానికి, బెంచీకి పరిమితమైంది. ఇక పని అయిపోయిందని చాలామంది అన్నారు. ఫోను చేసి ఓదార్చబోతే నన్నే ఓదార్చింది. ఏడాది తర్వాత చిన్నపిల్లలా నడక నుంచి మొదలుపెట్టి, రెండేళ్లకు దేశం బనీను వేసుకుంది. హిందీ నేర్చుకుంది, ఇంగ్లీషు నేర్చుకుంది, ఎదుటివాళ్ల సామర్థ్యాన్ని తక్కువగా చూడకపోవడం నేర్చుకుంది. చివరిది నాకూ నేర్పింది.

మొన్న ఆసియా దేశాల పోటీల్లో పరిగెత్తింది. పట్టపగలు నాన్న షాపు షట్టరు సగం దించి, ఫోనును కుట్టుమిషనుకు ఆనించి, నాన్న, నేను, వాళ్ల నాయన తలలు ఆనించి కూర్చున్నాం. సెమీఫైనల్లో అయిదోదిగా వచ్చింది. ఫైనలుకు వెళ్లలేదు. ఫోన్లో ఆ పిల్ల రొప్పుతూ బోర్డు వంక చూసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఓడిపోయిందా సారూ?" అన్నాడు వాళ్ల నాయన. "లేదన్నా. పుట్టినప్పటి నుంచి ఇంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. ఆమె ముందర ఇంకో నలుగురు ఉన్నారు, అంతే." ఆయన నాలుగు వేళ్లు మడిచి చూసుకున్నాడు. "అన్ని దేశాల్లో కలిపి నలుగురేనా?" అన్నాడు. దానికి లెక్క ప్రకారం వేరే జవాబు చెప్పాలి. సెమీఫైనల్లు మూడున్నాయని, ఇంకా ఏవేవో చెప్పాలి. నేను మాత్రం, "నలుగురే అన్నా," అన్నాను. మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ షాపు గోడకు నాన్న పటం కట్టించిన ఒక పత్రిక ఫొటో ఉంది. సెలక్షన్ల రోజున స్థానిక విలేకరి తీసింది. సొట్టపడ్డ కప్పుతో, మోకాలి మీద రక్తంతో, కెమెరా వంక ఎలా చూడాలో తెలియక తల పక్కకు తిప్పుకున్న పదిహేనేళ్ల పిల్ల. పక్కన తెల్ల ప్యాంటులో, మెడలో విజిలుతో, గెలిచింది తానే అన్నట్టు ఛాతీ విరుచుకుని ఇరవై మూడేళ్ల కుర్రాడు. షాపుకు వెళ్లినప్పుడల్లా వాణ్ణి చూస్తాను. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల ఇంకోసారి పరిగెత్తతానని అనకపోయి ఉంటే, వీడు ఈనాటికీ బజారులో కనపడ్డవాళ్లందరికీ చెబుతూ తిరిగేవాడు, మంచి పిల్లే గాని కాళ్లలో వేగం లేదండీ అని. అదీ ఎంతో నిజాయితీగా, వాచీ చూపించి మరీ. వాణ్ణి నాలుగు తిట్టాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ విరిచిన ఛాతీ చూస్తే నవ్వొస్తుంది. వదిలేస్తాను.